పులివెందుల దాకా పోయే ప్రార్థన

జమ్మలమడుగు పాత బస్టాండు పక్కన ఉండే మార్తమ్మ బజ్జీల అంగడికి బోర్డు లేదు. ఆమె అత్త దేవదానమ్మ మూడు రాళ్ల మీద బాణలి పెట్టి మొదలుపెట్టినప్పుడూ లేదు, రేకుల కప్పు, రెండు బెంచీలు, చేతులు కడుక్కోవడానికి ఒక డ్రమ్ము వచ్చాక కూడా లేదు. బోర్డు పెట్టించమ్మా అని ఎవరైనా సలహా ఇస్తే, “వాసన రాలేదా నీకు?” అని అడుగుతుంది. వచ్చింది కాబట్టే కదా అక్కడ నిలబడ్డాం.

అక్కడ దొరికేవి రెండే. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగుల్ని, అంటే మరమరాల్ని, నీళ్ళలో ముంచి తీసి, గట్టిగా పిండి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయల తిరగవాతలో కలిపి, పైన పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. దాని పక్కన వేడివేడి బజ్జీ లేకపోతే అది జ్వరమొచ్చినవాడి పథ్యం లాగుంటుంది. మూడో పదార్థం అడిగిన మనిషిని మార్తమ్మ జాలిగా చూస్తుంది, ఊరికి కొత్త కాబోలని.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన వాణ్ణి. నా పేరు శివప్రసాద్. ఆ పేరు ఈ ఊళ్ళో మా ఇంటావిడకు తప్ప ఎవరికీ పట్టలేదు, అందరికీ నేను కండక్టరప్పనే. డ్యూటీలో ఉన్నప్పుడు ఎక్కిన ప్రతివాడి మీదా అరిచేవాణ్ణి. రిటైరయ్యాక అరవడానికి మనుషులు కావాలి కాబట్టి పొద్దున్నే మార్తమ్మ అంగడికి వెళతాను. అక్కడ నాకు బెంచీ మీద ఒక మూల ఉంది. పంక్చర్ల షాపు మహబూబ్ బాషాకు ఇంకో మూల ఉంది. మధ్యలో ఎవరైనా కూర్చోవచ్చు.

ఆ అంగడికి ఒక పద్ధతి ఉంది. అది తెలియక కొత్తవాళ్ళు తిట్లు తింటారు. మార్తమ్మ కట్టెల పొయ్యి ముట్టిస్తుంది. బాణలిలో వేరుశనగ నూనె పోస్తుంది. కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంటుంది. ఇక ప్రార్థన. ఆమెన్ అనేదాకా ఆమె పిండిలో చెయ్యి పెట్టదు, మనం ప్లేటు పట్టకూడదు. హిందువైనా, సాయిబైనా, మాల మాదిగైనా, రెడ్డైనా కళ్ళు మూసుకుని నిలబడాల్సిందే. ఒకసారి బాషా కళ్ళు తెరిచి ఉగ్గాని గిన్నె వైపు చూశాడని అందరి ముందూ చెడామడా తిట్టింది. అప్పటి నుంచి బాషా అందరికంటే గట్టిగా ఆమెన్ అంటాడు.

ఆ ప్రార్థన మామూలు ప్రార్థన కాదు. అది బస్సు లాగా ఊరూరూ ఆగుతుంది. ముందు జమ్మలమడుగు. “ప్రేమగల తండ్రీ, బాషా మోకాలి నొప్పి తీసెయ్యి. గులాబ్‌బీ కూతురు నర్సు పరీక్ష పాసు కావాల. కండక్టరుకు కోపం తగ్గించు.” ఇది నా గురించి. ఏళ్ళుగా రోజూ వింటున్నాను, ఆ అర్జీని పైన ఎవరూ ఇంకా తెరిచి చూసినట్టు లేదు. తర్వాత బండి ప్రొద్దుటూరు చేరుతుంది. అక్కడ బట్టల కొట్లో చేసే చెల్లెలి కొడుకు జాన్సన్. ఆ తర్వాత చిలమకూరు, అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు పాల్ రాజు, వాడి ఊపిరితిత్తులు. తర్వాత వేంపల్లె. అక్కడి నుంచి మిరపకాయలు తెచ్చే సంజీవయ్య బోరులో నీళ్ళు. చివర పులివెందుల.

పులివెందుల వచ్చేసరికి మార్తమ్మ గొంతు తగ్గిపోతుంది. ఏదో గొణుగుతుంది. ఒక్కోరోజు కాస్త, ఒక్కోరోజు చాలాసేపు. ఎంత చెవి రిక్కించినా ఒక్క ముక్క అర్థం కాదు. తర్వాత హఠాత్తుగా “ఆమెన్” అని, మిరపకాయ పిండిలో ముంచి నూనెలో వదులుతుంది. బజ్జీ చుయ్యిమని పైకి తేలుతుంది. ఎప్పుడూ నల్లబడలేదు, ఎప్పుడూ నూనె తాగలేదు. అంతా దేవుని దయ అంటుంది మార్తమ్మ. మేమూ నమ్మాం.

పులివెందుల ఆమె కోడలు తబితా పుట్టిన ఊరు. డిగ్రీ చదివిన పిల్ల, మాట నిదానం, పని చురుకు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్లకు ఈ అంగడి మీదే ప్రాణం. టీచరు పోస్టుకు రాయమని మొగుడు పోరినా వినలేదు. కానీ మార్తమ్మ ఆమె చేత ఎర్రగడ్డలు తరిగించేది, బొరుగులు పిండించేది, గిన్నెలు తోమించేది. బాణలి దగ్గరికి మాత్రం రానిచ్చేది కాదు. అడిగితే, “ఇంగా చెయ్యి రాలే” అనేది. చెయ్యి పెట్టనిస్తేనే కదా చెయ్యి వచ్చేది! ఈ మాట నేనే ఒకసారి అన్నాను. మర్నాడు ప్రార్థనలో నా కోపం గురించి రెండుసార్లు చెప్పింది.

తబితాకు ఆ గొణుగుడు మీద అనుమానం. ఒకరోజు అత్త నీళ్ళకు పోయినప్పుడు నాతో అంది. “చూడు కండక్టరప్పా, అందరి పేర్లూ గట్టిగా చెప్తాది. మా ఊరి కాడికి వచ్చేతలికి గొంతు తగ్గిపోతాంది. మంచి మాటైతే గట్టిగానే చెప్పేది కదా? నా మింద దేవునికి చాడీలు చెప్తాంది.”

“ఛ, ఛ, అట్లా ఎందుకు చెప్తాది మే” అన్నాను గానీ, నాకూ లోపల అదే అనుమానం. అత్తాకోడళ్ళ వ్యవహారం మన బస్సుల్లో ఎంత వినలేదు!

పాల్ రాజు తల్లికి గ్యాసు పొయ్యి కొనిస్తానని చాలాకాలం బతిమాలాడు. ఆ పొగలో కళ్ళు పోతాయని వాడి బాధ. ఆమె ఒప్పుకోలేదు. ఒకసారి గ్యాసు మీద బజ్జీకి రుచి రాదంది. ఒకసారి సిలిండర్ పేలుతుందంది. ఇంకోసారి, “కట్టె మా అత్త పెట్టిన మర్యాద” అంది. కారణం మారేది, జవాబు మారేది కాదు. మొండితనం అనుకున్నాం అందరం. ఆమె మొహం మీదే అన్నాం కూడా.

ఈ వేసవిలో ఆమె కుడికంట శుక్లం ముదిరింది. ప్రొద్దుటూరు డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు, ఆ తర్వాత పొగ దగ్గరికి పోతే ఊరుకోనన్నాడు. తప్పలేదు. వెళ్ళేముందు రోజు మార్తమ్మ మా అందరి ముందూ కోడలికి తాళంచెవి ఇచ్చింది.

“నేనొచ్చేదాకా నువ్వు నడుపు. జనం నిలబడితే అంగడి నీది. నిలబడకపోతే ఆ మంచూరియా బండాయన చోటు ఇయ్యమని అడగతానే ఉండాడు, ఆయనకిచ్చేస్తా. మా అత్త పేరు చెడిపేదానికన్నా మూసేది మేలు.”

తబితా తాళంచెవి రెండు చేతులా తీసుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భయమో సంతోషమో నేను చెప్పలేను, రెండూ అయి ఉంటాయి.

తల్లి బస్సెక్కిందో లేదో, పాల్ రాజు గ్యాసు పొయ్యి దించాడు. పెళ్ళిళ్ళ వంటలకు వాడే రకం. ముట్టిస్తే చిన్నపాటి రాకెట్టు లాగా మోత. వాడు దాని చుట్టూ తిరిగి చూసుకున్నాడు, మాకు కూడా చూపించాడు. “ఇంగ క్షణంలో కాగుతాది నూనె” అని గర్వంగా చెప్పి డ్యూటీకి పోయాడు.

క్షణంలోనే కాగింది. మొదటి రోజు తబితా అత్త పద్ధతి ఒక్కటీ తప్పకూడదని పొయ్యి ముట్టించి, నూనె పోసి, కొంగు కప్పుకుని ప్రార్థన మొదలుపెట్టింది. పేర్లన్నీ ఆమెకు కంఠస్థం. బాషా మోకాలు, గులాబ్‌బీ కూతురు, నా కోపం, అన్నీ వరసగా వచ్చాయి. ప్రొద్దుటూరు చేరేసరికి మా ముక్కులకు ఘాటు తగిలింది. అయినా ఎవరమూ కళ్ళు తెరవలేదు. మార్తమ్మ నేర్పిన మర్యాద అట్లాంటిది. ఆమెన్ అనుకుని కళ్ళు తెరిచేసరికి బాణలి మీద పొగ లేస్తోంది. ఆ రోజు బజ్జీ పైన బొగ్గు, లోపల పచ్చిపిండి. బాషా మాత్రం మొత్తం తిన్నాడు. మంచివాడు.

రెండో రోజు తబితా ప్రార్థన కుదించింది. “తండ్రీ, అందర్నీ చల్లగా చూడు, ఆమెన్.” నూనె సరిగ్గా ఉంది. బజ్జీ బ్రహ్మాండంగా వచ్చింది. జనం మాత్రం మొహాలు మాడ్చుకున్నారు.

“నా మోకాలు యాడబోయింది?” అన్నాడు బాషా.

“నా కూతురి పరీక్ష వచ్చే వారమే కదా, ఈపొద్దే వదిలేస్తే ఎట్లా తల్లీ?” అంది గులాబ్‌బీ.

ఇక నా కోపం ప్రస్తావన లేకపోయేసరికి నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నం మెత్తగా అయిందని అనవసరంగా గొడవపడ్డాను. జనానికి బజ్జీ కంటే తమ పేరు వినపడటమే ముఖ్యమని ఆ రోజు తేలిపోయింది.

మూడో రోజు ముందు ప్రార్థన మొత్తం చేసి, ఆమెన్ అన్నాక పొయ్యి ముట్టించింది. ఆమెన్ అంటే మా నాలుక మీద నీళ్ళూరతాయి, అన్నేళ్ళ అలవాటు. ఆమెన్ అయిపోయి కూడా బజ్జీ రాకపోతే మనిషి ఎంతసేపు నిలబడతాడు? పదిమంది ఎదురుగా ఉన్న ఇడ్లీ బండికి వెళ్ళిపోయారు. మంచూరియా ఆయన కూడా సాయంత్రం పూట వచ్చి, చోటు ఎంత పొడవుందో కంటితో కొలుచుకుని వెళ్ళాడు. అతణ్ణి చూసి తబితా మొహం పాలిపోయింది.

“ఒక కన్ను తెరిచి నూనె చూడు మే” అన్నాను.

“ప్రార్థనలో కండ్లు తెరుస్తారా కండక్టరప్పా? మా అత్త అన్నేండ్లల్లో ఒక్కనాడన్నా తెరిచిందా? ఎవురన్నా వింటే ఏమనుకుంటారు?” అంది.

చివరికి బాషా ముందుకొచ్చాడు. “నాది వేరే మతం కదా, నేను కండ్లు తెరిస్తే నీకు పాపం లే. నేను నూనె చూస్తాంటా. కాగితే దగ్గుతా. నువ్వు ఆమెన్ అను.” బాగుందనుకున్నాం. అయితే బాషాకు దగ్గు ఉండేదే, పంక్చర్ల షాపు దుమ్ముకు. అతను మామూలుగా దగ్గినా తబితా ఆమెన్ అనేస్తుంది. ఒకరోజు ప్రార్థన నా కోపం దాకా కూడా రాలేదు. ఇంకోరోజు జాన్సన్ దగ్గర ఆగింది. ఎంత బాగా సాగినా చిలమకూరు దాటేది కాదు. బజ్జీ ఒకరోజు బాగుండేది, ఒకరోజు నూనె కారేది. సగం జనం మిగిలారు. మిగిలిన సగం ఇడ్లీ తింటూ మా వైపు చూసేవాళ్ళు.

అట్లా ఉండగా మార్తమ్మ వచ్చింది. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, చెల్లెలి కొడుకు చెయ్యి పట్టుకుని, పొద్దున్నే బస్సు దిగి నేరుగా అంగడికే. గ్యాసు పొయ్యి చప్పుడు విని ఆగింది. వచ్చి బెంచీ మీద నాకూ బాషాకూ మధ్యన కూర్చుంది. ఆమెను ఆ బెంచీ మీద చూడటం నాకదే మొదటిసారి.

తబితా పొయ్యి ముట్టించి, నూనె పోసి, కొంగు కప్పుకుంది. “ప్రేమగల తండ్రీ” అని మొదలుపెట్టి, మోకాలూ, పరీక్షా, కోపమూ దాటించింది. ప్రొద్దుటూరు అయింది. చిలమకూరులో మొగుడి ఊపిరితిత్తుల దగ్గర ఉండగా బాషా దగ్గాడు.

“ఆమెన్.”

“ఆమెన్ ఏంది?” అంది మార్తమ్మ. “వేంపల్లె యాడ? పులివెందుల యాడ? బండి దావలోనే నిలబెట్టినావేమే?”

“ఆడిదాకా పోతే నూనె మాడిపోతాంది అత్తా” అంది తబితా. “ఈ పెద్ద పొయ్యి నీకు తెల్దు, తొందరగా కాగుతాది. ఐనా పులివెందుల కాడ నువ్వు గొణిగేది ఎవురికి వినపడింది? నాకు రాని ప్రార్థన నేనెట్లా చెయ్యాల? నా మింద చాడీలు నేనే చెప్పుకోవాల్నా?”

అంగడిలో చప్పుడు ఆగిపోయింది, గ్యాసు మోత తప్ప.

“చాడీలా?” అంది మార్తమ్మ. “అందరి పేర్లూ ఐపోయినా నూనె ఇంగా కాగకపోతే నేనేం చెయ్యాల? ఒక కన్ను తెరిచి చూసేదాన్ని. కాగకపోతే ఇంగెవురు మిగిలినారు, నువ్వే. నూనె కాగేదాకా నీ కోసరమే అడిగేదాన్ని. వానకు కట్టెలు తడిసినప్పుడు చెప్పిందే మళ్ళా మళ్ళా చెప్పేదాన్ని. ఈ ఊర్లో నీకోసరం చేసినంత ప్రార్థన నా కొడుకు కోసరం కూడా చెయ్యలే నేను.”

“కన్ను తెరిచేదానివా?” అని అరిచాడు బాషా. “నేనొక్కసారి తెరిచినందుకు అందరి ముందర నా పరువు తీసినావే!”

“నువ్వు ఉగ్గాని కోసరం తెరిచినావు. నేను నూనె కోసరం తెరిచినా” అంది మార్తమ్మ. ఆ తెరిచిన కన్ను కుడికన్నేనా అని నేనడిగాను. అవునంది. ఆపరేషన్ అయింది కూడా దానికే, పొగంతా అదొక్కటే తాగింది మరి.

తబితా కదలకుండా నిలబడింది. “నా గురించి ఏమడిగేదానివి అత్తా?”

“ఏముంది. నా తర్వాత ఈ అంగడి ఈ పిల్లదే, దీని చెయ్యి నా చెయ్యికన్నా బాగుండాల అని.”

“మరి నన్ను బాణలి ముట్టనిచ్చేదానివి కాదే!”

“అడగతాండా కదా. ఇంగా ఆయన సరే అన్లే” అంది మార్తమ్మ. మేము నవ్వాం. ఆమె నవ్వలేదు. “మొగం మింద చెప్తే నెత్తికెక్కుతావని చిన్నగా చెప్పుకున్యా. గ్యాసు ఎందుకొద్దన్న్యానంటే ఇందుకే మే. నూనె ప్రొద్దుటూరుకే కాగిపోతే, నీ కాడికి ఎప్పుడొచ్చేది నేను?”

తబితా ఏడ్చింది. దాచుకోకుండా, కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. ఇన్నేళ్ళు అదే పొయ్యి దగ్గర, మూరెడు దూరంలో నిలబడి, తనను తిడుతోందనుకున్న గొంతు తన కోసం అడుగుతోందని తెలిస్తే ఎవరికైనా ఏడుపు వస్తుంది. నాకూ వచ్చింది. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

తర్వాత ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, వంగి, పొయ్యి మర తిప్పింది. మోత తగ్గింది. మంట నీలంగా, సన్నగా, బాణలి అడుగున నిలబడింది.

“ఇది తగ్గుతాది అత్తా” అంది మెల్లగా. “ఇంట్లో పాలకు తగ్గిస్తాం కదా.”

మార్తమ్మ కళ్ళజోడు పైకెత్తి చూడబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి దించింది. “పాలకు కదా తగ్గించేది” అంది. “బజ్జీలకు పెద్దమంటే ఉండాలని మా అత్త చెప్పింది.”

“వేసేటప్పుడు పెంచుకుందాం. కాగేదాకా సన్నగానే ఉండనీ.”

అత్త అంత తెలివైంది, కోడలు డిగ్రీ చదివింది, నేను ఊళ్ళన్నీ తిరిగినవాణ్ణి. ఇంట్లో రోజూ తిప్పే మర అంగట్లో కూడా తిరుగుతుందని ఒక్కరికీ తోచలేదు. ఇంట్లో అందరికీ గ్యాసుంది మరి.

మాడిన నూనె పారబోసి, కొత్త నూనె పోసి, ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టింది తబితా. ఈసారి బాషాను దగ్గవద్దన్నాం. అతను నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. జమ్మలమడుగు అయింది, ప్రొద్దుటూరు అయింది. చిలమకూరులో పాల్ రాజు ఊపిరితిత్తులు, వేంపల్లెలో సంజీవయ్య బోరు అయ్యాయి. బండి పులివెందుల చేరింది.

అక్కడ తబితా గొంతు తగ్గిపోయింది. ఏదో గొణగడం మొదలుపెట్టింది. చాలాసేపు గొణిగింది. మార్తమ్మ బెంచీ మీద ముందుకు వంగింది, మెడ పక్కకు వాల్చింది, అయినా పాపం వినపడలేదు. చివరికి ఉండబట్టలేక నా చెవి దగ్గరకు వచ్చింది.

“ఏమంటాందప్పా నా మింద?”

“చాడీలు చెప్తాంది” అన్నాను.

ఆమె నా తొడ మీద ఒక్క దెబ్బ వేసింది. అప్పుడే “ఆమెన్” వినపడింది. అందరం ఆమెన్ అన్నాం, ఎదురుగా ఇడ్లీ తింటున్న వాళ్ళు కూడా. మిరపకాయ నూనెలో పడింది. చుయ్యిమని పైకి తేలింది.

మొదటి బజ్జీ అత్తకే ఇచ్చింది తబితా. మార్తమ్మ కొరికింది, నమిలింది. మేమంతా ఆమె నోటి వైపే చూస్తున్నాం.

“ఉప్పు తక్కువైంది” అని, ప్లేటు మళ్ళీ ముందుకు చాపింది. రెండోది కూడా తిన్నాక నా వైపు తిరిగింది. “కండక్టరప్పా, ఇంటికి పోతా పోతా ఆ మంచూరియా ఆయనకు ఒక మాట చెప్పిపో. ఈడ చోటు లేదని.”